కులం – పని – 11: కిలో గుడ్డకు అరకిలో ఉప్పు

గత భాగంలో తోలు ఊనడం, తంగేడు చెక్క గురించి రాశాక ఇద్దరు ముగ్గురు మిత్రులు ఇన్‌బాక్స్‌లో అడిగారు. "సార్, అద్దకం గురించీ రాయండి, ఇప్పుడంతా పర్యావరణహితం అయిపోయిందంటున్నారు కదా" అని. అయిందా? చూద్దాం.

నూలు గుడ్డ నీళ్లలో తడిస్తే దాని మీద రుణావేశం ఏర్పడుతుంది. ఇవాళ ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులదీ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. వాటిని కలపడానికి ఉప్పు కావాలి. ముదురు రంగుకు లీటరుకు 60 గ్రాములు, కిలో గుడ్డకు 8 లీటర్ల నీళ్లు అనుకోండి. దాదాపు అరకిలో ఉప్పు! అందులో గుడ్డకు అంటేది ఏమీ ఉండదు, మొత్తం మురుగులోకే. గుడ్డను పట్టుకోలేక చెడిపోయిన రంగుదీ అదే దారి.

తమిళనాడులో తిరుప్పూరు నుంచి నొయ్యల్ నదిలోకి వెళ్ళింది ఇదే. సాగునీటి కోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ రంగునీళ్ల తొట్టి అయింది. రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఏడు వందలకు పైగా అద్దకం యూనిట్లను మూయించింది. ఆ తర్వాత చుక్క నీరు బయటికి వదలకూడదన్న నిబంధనకు యూనిట్లు తలవంచాయి. నది విషయంలో అది గెలుపే, కాదనను. కానీ నదిలోకి పోనిది ఎక్కడో ఒకచోట ఉండాలి కదా! తొట్టి అడుగున బురదగా ఉంది.

అద్దకంలో వాడే ఉప్పు చాలాచోట్ల గ్లాబర్ ఉప్పు, అంటే సోడియం సల్ఫేట్. గాలి తగలని బురదలో సూక్ష్మజీవులు ఆ సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. తొట్టి కడగడానికి దిగిన మనిషిని క్షణాల్లో కూల్చేసే వాయువు అదే. దిగేది ఎవరో ఈ పేజీ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకుల పేరెత్తిన 2013 చట్టం రంగునీళ్ల తొట్టి పేరెత్తలేదు. 2025 దాకా ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఉండేది గానీ, కాంట్రాక్టు కూలీ దాకా అది వచ్చిందెప్పుడు?

అందుకే నా వాదన: ఉప్పు తగ్గించడం కులం ప్రశ్న కూడా. దారులు లేక కాదు. రంగు, క్షారం కలిపిన ద్రావణంలో గుడ్డను ముంచి, పిండి, చుట్టచుట్టి, మామూలు వేడిలోనే పన్నెండు గంటలో, ఒక రోజో వదిలేసే కోల్డ్ ప్యాడ్ బ్యాచ్ పద్ధతికి ఉప్పే అక్కర్లేదు, ఆవిరి ఖర్చూ తక్కువ. నూలుకు ముందే ధనావేశం ఎక్కిస్తే రంగును అదే లాక్కుంటుంది. ఆ మందు జాగ్రత్తగా వాడాల్సిన రసాయనమే, అదీ నిజమే.

సహజ రంగులే పరిష్కారమనే పెద్దమనుషులకు ఒక మాట. కరక్కాయ, పటిక, మంజిష్ఠ మంచివే. పెడన కలంకారీ గుడ్డను పారే నీళ్లలో జాడించేదీ నడుముల్లోతున నిలబడిన మనుషులే. నేను డాక్టరేట్ చేసిన సాహిత్యంలో చెంగావి చీరలు బోలెడు. ఆ రంగు అద్దిన చేతులు మాత్రం నాకు వెతికినా దొరకలేదు.

గుడ్డకు 'గ్రీన్' ముద్ర వేసేవాళ్లు నీళ్లెన్ని, కరెంటెంత అని లెక్క రాస్తారు. అదే కాగితంలో ఇంకో గడి పెట్టమని అడుగుదాం: ఈ ఏడాది తొట్టిలోకి ఎంతమందిని దింపారు? అక్కడ సున్నా లేకపోతే ముద్ర ఇవ్వొద్దు.

వచ్చే భాగం నీలిమందు గురించి.