పారేసే ఫోమ్‌తో పదిమందికి కూలి

పెళ్లికి పెట్టిన ఫోమ్ పరుపు కొన్నేళ్లకే నడుమ పల్లం పడుతుంది. సోఫా దిండ్లు పొడిపొడిగా రాలిపోతాయి. ఏం చేయాలో తోచక జనం వాటిని చెరువు గట్టునో, పంట కాలువలోనో, ఊరి చివర దిబ్బ మీదనో పారవేస్తున్నారు. లేదా నిప్పు పెడుతున్నారు. పూర్వం దూది పరుపు అణగిపోతే దూదేకులవారు వచ్చి, ఏకి, మళ్లీ నింపి కుట్టి ఇచ్చేవారు. చిరిగిన చీర బొంత అయ్యేది. ఫోమ్ వచ్చాక ఆ మరమ్మతు పోయింది. దానితోపాటు కొందరి బతుకుతెరువూ పోయింది.

ఫోమ్ మట్టిలో కలిసేది కాదు. తగలబెడితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి. థర్మోకోల్ పళ్లాలు, కప్పులను కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి నిషేధించింది. పరుపులకు, సోఫాలకు, టీవీ పెట్టెల్లో వచ్చే దిమ్మలకు ఆ నిషేధం వర్తించదు. కనుక ఈ బెడద పెరిగేదే కాని తగ్గేది కాదు.

అయితే ఇది ముడిసరుకు అన్న సంగతి మనం మరుస్తున్నాం. ఫోమ్ తుక్కును ముక్కలు చేసి, జిగురు కలిపి, అచ్చులో నొక్కితే గట్టి దిమ్మ తయారవుతుంది. దుకాణాల్లో రీబాండెడ్ పేరుతో అమ్మే పరుపులు ఇలా తయారైనవే. పాత పరుపు గుడ్డ ఒలిచి, స్ప్రింగుల ఇనుము ఒకవైపు, ఫోమ్ ఒకవైపు, పీచు ఒకవైపు వేరు చేయడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక కత్తి, నీడ, ఓపిక గల చేతులు చాలు.

ఆ చేతులు మన కళ్లెదుటే ఉన్నాయి. బస్టాండు అరుగుల మీద, రైల్వే స్టేషన్ల బయట, గుడి మంటపాల్లో పడుకునేవారిని రోజూ చూస్తున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా ఉన్నారు. వారిలో 8 లక్షలకు పైగా గ్రామాల్లోనే ఉన్నారంటే ఇది పట్టణాల సమస్య మాత్రమే అనడానికి వీలులేదు.

నిలువ నీడ లేనివాడు నిలకడగా పని చేస్తాడా అని కొందరు పెదవి విరుస్తారు. ఫ్రాన్సులో 1949లో పారిస్ శివార్లలో మొదలైన ఎమ్మాయుస్ ఉద్యమం ఈ ప్రశ్నకు ఏనాడో జవాబు చెప్పింది. అక్కడ ఇల్లు లేనివారికి ముందు చోటు ఇచ్చారు. వారే పాత సామాన్లు సేకరించి, బాగుచేసి, అమ్మి బతుకుతున్నారు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం లేన్ కౌంటీకి చెందిన సెయింట్ విన్సెంట్ డి పాల్ సంస్థ పాత పరుపులను విడదీసే కేంద్రాలను నడుపుతోంది. మరెక్కడా పని దొరకనివారికి అక్కడ పని దొరుకుతోంది. ఫోమ్ తివాచీల కింద పరిచే మెత్తలకు, ఇనుము కరిగించడానికి పోతాయి. ఆ సంస్థే ఆశ్రయాలు, తక్కువ అద్దె ఇళ్లు కూడా నిర్వహిస్తోంది. గూడు, కూలి రెండూ కలిస్తేనే మనిషి నిలదొక్కుకుంటాడన్నది ఈ రెండుచోట్లా కనిపించే పాఠం.

ఇందులో చిక్కు లేకపోలేదు. మామూలు ఫోమ్ ఘనమీటరుకు 20, 30 కిలోలే తూగుతుంది. ఆటో నిండా వేసినా క్వింటాలు తూగడం కష్టం. కొనేవాడు కిలోల లెక్కన ఇస్తాడు, బండివాడు కిరాయి లెక్కన అడుగుతాడు. తుక్కు అమ్మగా వచ్చిన సొమ్ముతోనే కూలి ఇవ్వాలంటే కేంద్రం మూడు నెలలు నడవదు. అందుకే కాలిఫోర్నియాలో 2013లో చట్టం చేసి, 2015 చివరి నుంచి కొత్త పరుపు కొనేటప్పుడే కొంత రుసుము వసూలు చేస్తున్నారు. పాత పరుపుల సేకరణ ఖర్చు దాని నుంచే వస్తుంది. ఒరెగాన్‌లోనూ 2025 జనవరి నుంచి ఈ పద్ధతి అమలైంది. ఇక్కడ కూడా దుకాణాలపైనో, తయారీదారులపైనో ఇటువంటి బాధ్యత పెట్టడం న్యాయం. దయాధర్మాల మీద కూలి ఆధారపడరాదు.

పంచాయతీలు చేయగలిగినది చాలా ఉంది. చెత్త నుంచి సంపద తయారీ కోసం కట్టిన షెడ్లలో ఒక మూల ఫోమ్‌కు కేటాయించాలి. తడిసిన ఫోమ్‌ను ఎవరూ కొనరు కనుక పైకప్పు తప్పనిసరి. మండలానికి ఒకచోట పత్తి బేళ్ల మాదిరిగా నొక్కి కట్టే ప్రెస్సు పెడితే కిరాయి కలిసివస్తుంది. పనివారికి ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఇవ్వాలి. ఆసుపత్రి పరుపులను ఇందులో కలపనీయరాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ పని ఇల్లు లేనివారికి ముందుగా ఇవ్వాలి. చిరునామా లేనివారికి కార్డులు దొరకడం గగనం కనుక పంచాయతీయే గుర్తింపు పత్రం ఇచ్చి, కూలి వారం వారం ముట్టజెప్పాలి. రాత్రి తలదాచుకునే చోటు కూడా చూపాలి.

గ్రామస్థులు తమవంతుగా పాత పరుపును తగలబెట్టడం మానాలి. వచ్చే గ్రామసభలో ఈ విషయం లేవనెత్తి, షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉందో, ఎప్పుడు తీస్తారో సర్పంచిని, కార్యదర్శిని అడగాలి. జిల్లా అధికారులు ముందుగా ఒక మండలంలోనైనా దీన్ని ప్రారంభించి, ఏడాదిపాటు కూలి నిధి సమకూర్చడం అవసరం.