కుక్కకు ఊసి వేసే ఇల్లు ఒంటరిగా ఉండకూడదు



పోయిన వారం మన గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. పదేళ్ల ఆడకుక్క, షుగర్ వచ్చింది, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ ఊసి వెయ్యాలంట, మా వల్ల కాదు, ఎవరైనా తీసుకుంటారా అని. కింద వచ్చిన జవాబులు అందరూ చూసే ఉంటారు. కొందరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఒకరు గోశాలలో విడిచిపెట్టమన్నారు. ఇంకొకరు, మనిషికే మందు దొరకని దేశంలో కుక్కకు ఇన్సులినా అని అడిగారు. తీసుకుంటామని ఒక్కరూ అనలేదు.

ఆ ఇంటివాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లు కనీసం అడిగారు. అడగకుండా రాత్రిపూట బైపాస్ రోడ్డు మీద దించేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. మా మాట ఏమంటే, పదేళ్లు పెరిగిన కుక్కను వేరే ఇంటికి పంపడం ఎవరికీ మంచిది కాదు. "ఒక పూట ఎవరైనా వచ్చి ఊసి వేస్తారా" అని అడిగే వీలు మన సంఘంలో ఉండి ఉంటే ఆ మెసేజీ అలా వచ్చేది కాదు. మా ఇంట్లో ఈ పని మూడేళ్లు నడిచింది కాబట్టి తెలిసిన మేరకు చెబుతున్నాం. మోతాదు మాత్రం మేము చెప్పం, అది డాక్టరు పని.

ముందు జబ్బు గుర్తుపట్టడం. కుక్క ఊరికే నీళ్లు తాగుతుంటుంది, ఇంట్లోనే ఒంటికి పోసేస్తుంది, తిండి బాగా తింటుంది, కానీ చిక్కిపోతుంది. మన అవ్వలకు ఇంకొక గుర్తు తెలుసు: అది ఒంటికి పోసిన చోట చీమలు చేరడం. మనుషుల విషయంలో దీన్ని మనవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు, కుక్క దగ్గర చూస్తే మాత్రం "ఎండాకాలం కదా" అని నీళ్లు పోసి కడిగేస్తారు. అలా రెండు నెలలు పోతే వాంతులు, తిండి మానేయడం, నోట్లోంచి ఒకరకం తియ్యటి వాసన. అప్పటికి అది ప్రాణం మీదికి వచ్చినట్టే, అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కుక్కకూ పిల్లికీ ఈ జబ్బు ఒకటే రకం కాదు. కుక్క క్లోమంలో ఇన్సులిన్ ఊరడమే దాదాపు నిలిచిపోతుంది, అందుకని దానికి సాధారణంగా బ్రతికినన్నాళ్లూ ఊసి తప్పదు. తాత వేసుకునే షుగర్ మాత్రలో సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టే ఇళ్లు మనకు తెలుసు. ఆ మాత్రల్లో కొన్ని క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తెప్పించేవి. ఊరే చోటే ఎండిపోయాక పిండితే ఏమొస్తుంది? మెంతులు, కాకరకాయ, నేరేడు గింజల పొడి అంతే, ఊసికి బదులు కావు. పిల్లికి వచ్చేది మనకు వయసు మీద వచ్చే షుగర్ లాంటిది. త్వరగా కనిపెట్టి, ఊసి మొదలుపెట్టి, ఒళ్లు తగ్గించి, పాలన్నం మాన్పించి మాంసం తిండికి మారిస్తే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఊసి అవసరమే లేకుండా పోతుంది. అందుకే పిల్లికి పాత మోతాదే కళ్లు మూసుకుని వేసుకుంటూ పోవడం ప్రమాదం. మధ్యమధ్య రక్తం చూపించుకుంటూ ఉండాలి.

ఇక ఊసి. చూసినవాళ్లందరూ భయపడేది దీనికే, నిజానికి భయపడాల్సింది దీనికి కాదు. ఇన్సులిన్ సూది వెంట్రుకంత సన్నం. పక్కటెముకల మీద తోలు వదులుగా ఉంటుంది, దాన్ని రెండు వేళ్లతో గుడారంలా ఎత్తి, కింద ఏర్పడిన సందులోకి వేస్తే సరి. గిన్నెలో తిండి ముందు ఉంటే కుక్క తల కూడా ఎత్తదు. రోజూ ఒకే చోట వేయకుండా కొంచెం జరుపుతూ పోవాలి. మా ఇంట్లో నాలుగో రోజుకే చేతి వణుకు పోయింది.

కష్టమంతా గడియారంతో. పొద్దున్న ఏడింటికి వేస్తే సాయంత్రం ఏడింటికి వేయాలి. ముందు తిండి, తర్వాత ఊసి. తిండి కూడా అదే, కొలతా అదే, వేళా అదే. పండుగ రోజు చుట్టాల పిల్లకాయలు చక్కెర పొంగలి పెడతారు, టీ తాగే ప్రతి పెద్దమనిషీ ఒక బిస్కెట్టు విసురుతాడు. చేతులెత్తి దండం పెట్టి చెప్పాల్సి వస్తుంది. తిండి తినకపోతే మామూలు మోతాదు వేయకూడదు, డాక్టరును అడగాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: వేశామా లేదా అని అనుమానం వస్తే వేయకూడదు. ఒక పూట తప్పితే సాధారణంగా ఏమీ కాదు, రెండుసార్లు పడితే ప్రాణం పోవచ్చు. కోడలు వేసి వంటింట్లోకి పోయింది, మామ వచ్చి మళ్లీ వేశాడు, ఇలా జరగడానికి ఎంతసేపు? రైల్వేలో మేము పనిచేసినన్నాళ్లూ చార్జి పుస్తకంలో సంతకం పడకుండా ఎవరూ కుర్చీ విడిచేవాళ్లు కాదు. ఫ్రిజ్ తలుపుకు ఒక క్యాలెండరు తగిలించి, వేసినవాళ్లు అప్పటికప్పుడే వేళ రాసి పొట్టి సంతకం పెట్టాలి. తర్వాత రాద్దాం అనుకోకూడదు.

ఇప్పుడు చెప్పేది కొంచెం నిదానంగా చదవండి. మన దేశంలో మందులంగడిలో దొరికే మామూలు ఇన్సులిన్ సీసా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లది. చాలా దేశాల్లో ఇది పోయి 100 యూనిట్లది వచ్చేసింది. మనకు రెండూ ఉన్నాయి. పెన్నులో వేసే గొట్టాలు, గ్లార్జిన్ లాంటి మందులు చాలావరకు 100వి. సిరంజీలు కూడా రెండు రకాలు: ఎర్ర మూత ఉన్నది 40 సీసాకు, నారింజ రంగు మూత ఉన్నది 100 సీసాకు. కుక్కలకూ పిల్లులకూ డాక్టర్లు చాలాసార్లు మనుషుల ఇన్సులినే రాస్తారు, కొన్నిసార్లు 40ది, కొన్నిసార్లు 100ది. ఇప్పుడు లెక్క చూడండి. 100 మందును ఎర్ర మూత సిరంజీలో పది గీత దాకా తీస్తే లోపలికి పోయేది పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు. ఒక చిన్న కుక్క పడిపోవడానికి అది చాలు. తిరగేసి 40 మందును నారింజ మూత సిరంజీలో పది గీత దాకా తీస్తే పోయేది నాలుగే, షుగర్ ఎందుకు దిగలేదో తెలియక మోతాదు పెంచుకుంటూ పోతాం. అంగడివాడు "అన్నీ ఒకటే సార్" అంటాడు. ఒకటి కాదు. సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె రెండూ ఒకటేనా అని అంగడి ముందే నిలబడి చూడాలి.

డాక్టరు తమిళంలో చెబుతారు, సీసాతో వచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో ఊసి వేసే అవ్వకు తెలుగు తప్ప మరొకటి పట్టదు. మనలో చాలామందిమి బడిలో చదివింది తమిళమే, తెలుగు అక్షరం తర్వాత పట్టుపట్టి నేర్చుకున్నది. అందుకే ఈ రంగుల మూతల సంగతి తెలుగులో ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

మోతాదు ఎక్కువైతేనో, తినకుండా వేస్తేనో షుగర్ పడిపోతుంది. కుక్క తూలుతుంది, వణుకుతుంది, పిలిస్తే పలకదు, ముదిరితే మూర్ఛ వస్తుంది. వెంటనే తేనె గానీ పంచదార పాకం గానీ గ్లూకోజు గానీ వేలితో చిగుళ్ల మీద రుద్దాలి. తెలివి లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛలో ఉంటే నోట్లో వేలు పెట్టకండి, కరుస్తుంది, పెదవి లోపలి వైపు రాస్తే చాలు. లేచాక తిండి పెట్టి డాక్టరు దగ్గరకు పోవాలి. ఒక తేనె సీసా ఇన్సులిన్ పక్కనే ఉండాలి. ఇంకొక మాట: షుగర్ ఉన్న పెద్దలు వాడే షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ముల్లో, మిఠాయిల్లో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి ఉంటుంది. మనకు విషం కాదు, కుక్కకు అది విషం.

"మనిషికే దొరకడం లేదు" అన్న మాటకు వస్తాం. ఆ మాటలో బాధ ఉంది, కాదనం. కానీ ఇన్సులిన్ మనిషికి దొరికిందే కుక్క దగ్గర. 1889లో జర్మన్ డాక్టర్లు మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమం తీసేసి చూస్తే దానికి షుగర్ వచ్చింది, జబ్బు మూలం అక్కడ తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం తీసేసిన కుక్కలకు క్లోమరసం ఎక్కించి బ్రతికించి చూశారు. మార్జరీ అని పిలిచిన కుక్క అందులో ఒకటి. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థామ్సన్ అనే కుర్రవాడికి మొదటి ఊసి పడింది. మన సంఘంలో ఈ రోజు పొద్దున్న ఊసి వేసుకుని ఇడ్లీ తిన్న వాళ్లందరూ ఆ కుక్కలకు బాకీ. ఇంకా మన ఇంటి కుక్క కోసం కొనే ఒక సీసా వల్ల ఏ మనిషికీ మందు తగ్గిపోదు. ఖర్చు గురించి అడిగితే, మామూలు ఇన్సులిన్ ప్రభుత్వం ధర కట్టిన మందుల్లో ఉంది. రక్తపరీక్షలకూ డాక్టరుకూ అయ్యేదే ఎక్కువ.

రాజపాళయం కుక్క అంటే మనవాళ్లకు ఎంత గర్వమో తెలుసు. తెలుగు మాట్లాడే రాజుల ఊరు, ఆ ఊరి పేరే జాతి పేరు. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. పెళ్లిళ్లలో ఆ మాట చెప్పుకుంటాం. అదే తెల్ల కుక్క ముసలిదై కంట్లో పొర కమ్మితే వాకిట్లోకి తోసేస్తాం. షుగర్ వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఏడాది తిరిగేలోపే ఆ పొర వస్తుందని ముందే చెబుతున్నాం, ఊసి సరిగ్గా వేసినా రావచ్చు. చూపు పోయిన కుక్క ఇంట్లో సామాన్లు కదపకుండా ఉంటే బాగానే తిరుగుతుంది.

అందరికీ కుదురుతుందని మేము అనం. ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ల అవ్వకు, నైట్ షిఫ్టు పోయే భార్యాభర్తలకు, కరిచే కుక్క ఉన్న ఇంటికి కుదరకపోవచ్చు. మూత్రపిండాలు కూడా పోయి బాధపడుతున్న కుక్కకు డాక్టరు చేతుల్లో నెమ్మదిగా ముగింపు ఇప్పించడం పాపం కాదు. రోడ్డు మీద విడవడం పాపం.

పాపం అంటే గుర్తొచ్చింది. ఆడకుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించమంటే మనవాళ్లు చెవులు మూసుకుంటారు. ఎదకు వచ్చిన తర్వాత కొన్ని వారాలు దాని ఒంట్లో ఒక హార్మోను పెరిగి ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు, వయసైన ఆడకుక్కలకు షుగర్ రావడానికి అదొక పెద్ద కారణం. చిన్నప్పుడే ఆపరేషను అయితే ఈ దారి మూసుకుపోతుంది. షుగర్ వచ్చాక కూడా, ఆపరేషను చేయకపోతే ఊసి మోతాదు నిలకడగా ఉండదు. ఏ పాపం పెద్దదో మీరే చెప్పండి.

మదురై నాయకర్ కొత్త వీధిలో గానీ, కోయంబత్తూరు తెలుంగుపాళయంలో గానీ పాతకాలంలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, తిన్నె మీద పడుకున్న కుక్క ఎవరిదో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు మూడో అంతస్తులో తలుపు వేసుకుని ఉన్న ఇంటికి రెండు పూటలా ఊసి అంటే అది జైలే. ఆ జైలులో ఉండేది ఎవరు? అడిగి చూడండి, పది ఇళ్లలో ఎనిమిదింట కోడలే. పుట్టింట్లో పెళ్లికి కూడా ఆమె రాత్రి నిలవలేదు. కుక్కను వెంట తీసుకుపోదామంటే రైలులో ఫస్ట్ క్లాసు కూపే గానీ క్యాబిన్ గానీ పూర్తిగా మన పేరున ఉండాలి, లేదా గార్డు పెట్టెలో ఉన్న కుక్కల డబ్బాలో వేయాలి. షుగర్ కుక్కను ఆ డబ్బాలో మదురై దాకా పంపమని మేము ఎవరికీ చెప్పం.

మన దగ్గర ఒక బలం ఉంది, ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఈ సంఘంలో రోజూ తమకు తామే ఇన్సులిన్ వేసుకునే పెద్దలు ఎందరో ఉన్నారు. గీత చూసి మందు తీయడం, బుడగ పోగొట్టడం, సీసాను ఫ్రిజ్‌లో గడ్డకట్టకుండా పెట్టడం వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. నేర్చుకోవాల్సింది తోలు ఎత్తడం ఒకటే. వీధికి అలాంటి ఇద్దరు పేరిస్తే, ఊసి వేసే ఇల్లు ఒకటి రెండు రోజులు ఊరికి పోయి రావచ్చు. కుక్కకు వాళ్లు ముందే అలవాటు కావాలి కాబట్టి అవసరం రాకముందే వారానికి ఒకసారి వచ్చి తిండి పెట్టి పోవాలి.

వచ్చే నెల మీటింగులో అన్నదానం లెక్కలు అయ్యాక అరగంట అడుగుతున్నాం. తెలిసిన పశువైద్యుడు ఒకాయన వచ్చి చూపిస్తానన్నారు. ఎర్ర మూత, నారింజ మూత సిరంజీలు రెండూ తెస్తాం, ఉప్పునీళ్లు, నాలుగు నారింజ పళ్లు కూడా, సూది గుచ్చి చేయి అలవాటు చేసుకోవడానికి. ఇంట్లో షుగర్ కుక్క గానీ పిల్లి గానీ ఉన్నవాళ్లు, ఊసి వేయగలిగినవాళ్లు వీధి పేరుతో ఇక్కడే కింద రాయండి. తెలుగు చదవడం రానివాళ్లకు ఇదంతా గొంతుతో చదివి రేపు గ్రూపులో పెడతాం, మీ ఇంటి పెద్దలకు వినిపించండి.