ఎవరి వరసకు వాళ్ళే పూచీ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఉంటూ ఎలక్ట్రానిక్ సంగీతం, యాంబియెంట్ సంగీతం వినేవాళ్ళం కొందరం కూర్చుని రాసుకున్న ప్రణాళిక ఇది. మాకు పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు అసలే లేడు. బంగారం అంగట్లో కూర్చునేవాళ్ళు, ఇంజనీరింగ్ చదివేవాళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్ళు, చీనీ తోటలున్నవాళ్ళు మాలో ఉన్నారు. ఇంతమందిమీ తగువు లేకుండా ఒప్పుకున్న మాట ఒక్కటే. ఇష్టమైన ఆల్బంలకు వరస పెడితే, ఆ వరసకు ఒక మనిషి పూచీ పడాలి.

పదిమంది జాబితాలు కలిపి, మార్కులు కూడి, భాగించి తీసే వరస మాకు వద్దు. అట్లాంటి లెక్కలో అందరికీ కాస్త కాస్త నచ్చినది పైకి పోతుంది. ఒక్కడికి ప్రాణంతో సమానమైనది అడుగున పడుతుంది. తయారైన జాబితాను పట్టుకుని "ఇది ఎందుకు మూడోది?" అని అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు. అందుకని ఒక మనిషికి ఒక జాబితా, దాని కింద సంతకం. ఎవరు అడిగినా కారణం చెప్పాలి. "బాగుంది గనక" అంటే అది కారణం కాదు. "నిద్ర పట్టింది" అంటే కొంతవరకు కారణమే.

ఆల్బంను మొదటి నుంచి చివరి దాకా వింటేనే విన్నట్టు లెక్క. ఇది చెప్పడం తేలికే గానీ మన దగ్గర ఆల్బం అంటే సినిమా పాటల క్యాసెట్టే. అందులో నచ్చిన పాట దగ్గరికి తిప్పుకోవడమే మన పెంపకం. మా చెవులకు సింథసైజర్‌ను అలవాటు చేసింది కూడా ఆ క్యాసెట్లే, ఆ బాకీ ఒప్పుకుంటాం. రాజ్-కోటి దగ్గర కీబోర్డు పనిచేసిన రెహమాన్ 1992లో 'రోజా' తెచ్చాక, పాట కింద ఇంకేదో నడుస్తోందని మాలో చాలామంది మొదటిసారి గమనించారు. అయినా సినిమా పాటలను జాబితాల్లోకి రానివ్వం. పాటలో అన్నీ గొంతుకు దారి ఇచ్చి పక్కన నిలబడతాయి. మాకు కావలసింది గొంతు తప్పుకున్నాక మిగిలేది. సినిమా నేపథ్య సంగీతం వస్తే మాత్రం తీసుకుంటాం, అది మా సరుకే. కాని మన నిర్మాతలు దాన్ని పూర్తి ఆల్బంగా బయటికి ఇవ్వడం అరుదు. 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' సినిమాకు వాంగెలిస్ చేసిన సంగీతమే 1994 దాకా ఆయన ఆల్బంగా రాలేదు కాబట్టి మనవాళ్ళను మరీ తిట్టలేం. అడగడం మాత్రం మానం.

ఇళయరాజా 1986 నాటి ఆల్బం 'హౌ టు నేమ్ ఇట్' గురించి మాలో చాలా రచ్చ జరిగింది. అందులో ఉన్నది వయొలిన్ల బలం, యంత్రం కాదు. జాబితాల బయటే ఉంచాం. ఆ రోజు టీ తాగకుండా వెళ్ళిపోయినవాళ్ళు తిరిగి వచ్చారు, అంతవరకు సంతోషం.

మమ్మల్ని అందరూ అడిగేవి రెండు. ఒకటి, మాటలు లేనిదాంట్లో ఏం వింటారని. దీనికి ప్రొద్దుటూరులో జవాబు వెతుక్కోనక్కరలేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' రాసింది ఈ ఊళ్ళోనే. ఆ సమాసాల్లో సగానికి అర్థం తెలియనివాళ్ళు కూడా దాన్ని చదువుతుంటే కదలకుండా కూర్చుంటారు. అక్కడ వాళ్ళను పట్టి ఉంచింది అర్థం కాదు గదా.

రెండోది, ఈ సంగీతంలో ఏమీ జరగదేమి అని. ఈ ప్రశ్న బ్రహ్మంగారి మఠం ఉన్న జిల్లాలో వినడం మాకు వింతగా ఉంటుంది. తత్వాలు పాడేవాళ్ళ భుజం మీది తంబురాలో ఏం జరుగుతోంది? ఒకే శ్రుతి మోగుతూ ఉంటుంది, దానిలోకి చెవి దిగేకొద్దీ లోపలి స్వరాలు ఒక్కొక్కటే బయటపడతాయి. అమెరికాలో ఈ రకం సంగీతానికి పునాది వేసినవాళ్ళలో లా మాంట్ యంగ్, టెర్రీ రైలీ ఇద్దరూ 1970లో హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యులయ్యారు. యంగ్ అయితే తంబురాలు తప్ప మరేమీ వినపడని ఆల్బం ఒకటి చేశాడు. కనుక ఇది బయటినుంచి వచ్చిన పిచ్చి అని మాకు చెప్పొద్దు. అట్లని, అంతా మనదే, వాళ్ళు ఎత్తుకుపోయారు అనే మాటనూ ఒప్పుకోం. యంత్రం వాళ్ళది, దానితో పడ్డ పాట్లూ వాళ్ళవే.

ఎక్కడ వింటున్నామో ఆ చోటు కూడా సంగీతంలో భాగమేనని నమ్ముతాం. 1975లో ఇంగ్లండు సంగీతకారుడు బ్రయన్ ఈనో ప్రమాదంలో దెబ్బలు తగిలి మంచం మీద ఉన్నప్పుడు, చూడవచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు పెట్టి వెళ్ళింది. శబ్దం మరీ తక్కువగా ఉంది, లేచి పెంచే ఓపిక లేదు. బయటి వానతో కలిసిపోయి వినపడీ వినపడనట్టున్న ఆ హార్ప్ నుంచే ఆయనకు యాంబియెంట్ సంగీతం దారి దొరికింది. మాకు వాన అంత సులభంగా దొరకదు. కూలర్ ఉంది. మే నెలలో కూలర్ ఆపి వినేంత వీరులం కాము. కూలర్ హోరులో కలిసి బతకగలిగిన ఆల్బం మా దగ్గర నిలుస్తుంది, దాన్ని తట్టుకోలేనిది జారిపోతుంది. లండన్‌లో కూర్చుని పెట్టిన జాబితాకూ మా జాబితాకూ తేడా రావడానికి ఇదొక్కటి చాలు. మిద్దె మీద విన్నా, తోటలో బోరు మోటరు పక్కన విన్నా, ఎక్కడ విన్నదీ జాబితాలో రాయాలి.

గండికోటకు మాత్రం బ్లూటూత్ స్పీకర్లు తీసుకుపోము. పెన్న లోయ అంచున నిలబడి తన ఫోన్లోని పాట లోయకు వినిపించేవాడు మాలో ఉండరాదు. ఈ నియమానికి మినహాయింపు లేదు, ఈనోకైనా ఇవ్వం.

ఇక డీజే బాక్సుల సంగతి. వినాయక నిమజ్జనంలోనో, ప్రొద్దుటూరు దసరాలోనో గుండెలు అదిరేలా మోగేది విని ముక్కు చిట్లించడం మా ప్రణాళికలో లేదు. అదీ ఎలక్ట్రానిక్ సంగీతమే. బాక్సు ముందు ఎగిరే పిల్లోడూ, చీకట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న మేమూ ఒకే యంత్రాల వంశం తిండి తింటున్నాం. ఆసుపత్రి ముందు ఆపమని అడుగుతాం, అంతే.

ఈ ముసాయిదా రాసే పని నామీద పడింది కాబట్టి, నియమం ప్రకారం నా జాబితా ఇక్కడ పెడుతున్నాను. కింది నుంచి పైకి చదువుకోండి. దీనికి తక్కినవాళ్ళ బాధ్యత లేదు.

ఏడోది బరియల్ 2007లో చేసిన 'అన్‌ట్రూ'. లండన్ రాత్రులు, పాత రికార్డు మీది చిటపటలు, వాన. వాన చప్పుడు పెట్టిన సంగీతానికి కడప జిల్లావాడు అదనంగా మార్కులు వేస్తాడు. అది సంగీతం గొప్పతనం కాదని తెలుసు కాబట్టి రెండు మెట్లు దించాను.

ఆరోది టాంజరిన్ డ్రీమ్ 1974 నాటి 'ఫేడ్రా'. ఇంగ్లండులోని మేనర్ స్టూడియోలో వాయిస్తుండగా మూగ్ సింథసైజర్ వేడెక్కి శ్రుతి జారింది. వాళ్ళు దాన్ని చెరపకుండా ఉంచేశారు. ఆ జారుడులోనే ఆల్బం ప్రాణం ఉంది. చలిదేశంలోనే అట్లా జారిన యంత్రం జమ్మలమడుగు ఎండలో ఏ స్థాయికి దిగిపోయేదో!

ఐదోది చరణ్‌జీత్ సింగ్ 1982లో రికార్డు చేసిన 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన మనిషి మూడు రోలాండ్ యంత్రాలు ముందు పెట్టుకుని పది రాగాలు వాయించాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాక, చికాగోలో 1987లో వచ్చిన యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం కన్నా ఇది ముందుదని ప్రపంచమంతా చెప్పుకుంది. మా నియమం ఇక్కడ అక్కరకు వస్తుంది. ముందు చేసినందుకు మార్కుల్లేవు. ఎట్లా ఉందన్నదే లెక్క. ఏ ఒక్క రాగాన్ని విడిగా విన్నా గొప్పగా ఉంటుంది. పది కలిపి వింటే తెల్లవారుజాము లలిత్‌కూ, రాత్రి మాల్‌కౌన్స్‌కూ ఒకే పరుగు. రాగానికి వేళ ఉంటుందన్న సంగతి యంత్రానికి పట్టలేదు.

నాలుగోది మాండలిన్ శ్రీనివాస్, మైకేల్ బ్రూక్ కలిసి 1995లో రియల్ వరల్డ్ సంస్థకు చేసిన 'డ్రీమ్'. దీని దగ్గరే నా మీదికి వచ్చారు. "ఏంబ్బా, పాలకొల్లులో పుట్టినోడు, మనోడు, నాలుగో స్థానమా?" అని పులివెందుల తమ్ముడొకడు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. మనోడైనందుకు కూడా మార్కుల్లేవు. కాని ఆల్బంలో ఉన్నదేమిటో చెప్పాలి. మామూలు మాండలిన్ మీద స్వరం మీటగానే ఆరిపోతుంది, గమకం పట్టేంత సేపు నిలవదు. అందుకే శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ చేతపట్టాడు. బ్రూక్ ఈనోతో కలిసి పనిచేసినవాడు, మీటిన స్వరం ఎంతసేపైనా ఆగకుండా నిలిచే గిటార్ తయారు చేసుకున్నవాడు. స్వరాన్ని చావనివ్వకూడదనే ఒకే పట్టుదలతో ఒకరు గోదావరి జిల్లా నుంచి, ఒకరు కెనడా నుంచి బయల్దేరి ఒక గదిలో కలిశారు. వాళ్ళిద్దరే ఉన్నచోట దీన్ని మించినది లేదు. సెల్లో, గాత్రం, తాళవాద్యాలు అని అతిథులు వచ్చేకొద్దీ గది ఇరుకైంది. ఇద్దరే చేసి ఉంటే మొదటి స్థానం. 2014లో శ్రీనివాస్ పోయాడు కాబట్టి ఆ ఆశా లేదు.

మూడోది బోర్డ్స్ ఆఫ్ కెనడా 1998లో తెచ్చిన 'మ్యూజిక్ హాజ్ ద రైట్ టు చిల్డ్రన్'. స్కాట్లండు అన్నదమ్ములు ఇద్దరు, చిన్నప్పుడు చూసిన డాక్యుమెంటరీల సంగీతాన్ని సాగిపోయిన టేపు మీద విన్నట్టుగా చేశారు. ఎండకు పెట్టిన క్యాసెట్ విన్నవాడికి, 900 కిలోహెర్ట్జ్ మీద కడప ఆకాశవాణిని బరబరల మధ్య వెతికినవాడికి దీని గురించి ఎక్కువ చెప్పక్కరలేదు.

రెండోది ఈనో 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'. ఇందులో గొంతులతో చేసిన భాగం ఎట్లా నడుస్తుందో తెలుసుకోవాలంటే మా జమ్మలమడుగులో మగ్గాల వీధికి రండి. రెండిళ్ళలో రెండు మగ్గాలు, ఎవరి చేతివాటం వారిది. కాసేపు చప్పుళ్ళు ఒకటవుతాయి, ఎప్పుడో తెలియకుండానే విడిపోతాయి. ఈనో ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు ముక్క మీద పట్టి, వేర్వేరు పొడవుల్లో చుట్టగా తిప్పాడు. ఒకటి 23.5 సెకన్లకు ఒకసారి వస్తుంది, మరొకటి సుమారు 26కు, ఇంకొకటి సుమారు 30కి. ఏ రెండు ఎప్పుడు కలుస్తాయో ఎవరూ రాయలేదు, అవి తిరుగుతూ ఉంటాయి, అవే కలుస్తాయి. న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయంలో దీన్ని నిజంగానే వేశారు. మా కడపలో విమానాశ్రయం 2015లో తెరిచారు గానీ మాలో ఎక్కువమందికి పని బస్టాండుతోనే. ప్రొద్దుటూరు బస్టాండుకు సరిపడే ఆల్బం ఎవరైనా చేయాలని ఈ ప్రణాళిక కోరుతోంది. కండక్టర్ల కేకలు దాన్ని మింగేయకుండా ఉండాలి, అది కండక్టర్ల కేకలను మింగేయకుండా ఉండాలి.

మొదటిది ఏఫెక్స్ ట్విన్ 1994 నాటి 'సెలెక్టెడ్ యాంబియెంట్ వర్క్స్, రెండో సంపుటి'. రెండున్నర గంటల పైమాటే. ఒక్కదానికి తప్ప దేనికీ పేరు లేదు, పేర్లకు బదులు అట్ట మీద ఫోటోలు పెట్టాడు. పేరు లేనందువల్ల ఏ భాగం నచ్చిందో ఇంకొకరికి చెప్పడం కుదరదు, మళ్ళీ కూర్చుని విని చూపించాల్సిందే. అందులో భయం ఉంది, ఆదరం ఉంది, ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం. కరెంటు పోయిన వేసవి రాత్రి మిద్దె మీద చాప వేసుకుని వినేవాడికి అందాజుగా మూడో వంతు దగ్గర వీధి చప్పుళ్ళకూ ఆల్బం చప్పుళ్ళకూ గట్టు తెగిపోతుంది. కూలర్ పరీక్షలోనూ, కూలర్ లేని పరీక్షలోనూ నెగ్గింది నా వరకు ఇదొక్కటే.

పాత టేపుల గురించి ఒక మాట జాబితా బయట చెప్పాలి. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు 1969లోనే మూగ్ సింథసైజర్ వచ్చింది. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్ వంటివాళ్ళు దాని మీద చేసిన పనులు టేపుల్లో పడి ఉండి, 2023లో గానీ ఆల్బంగా బయటికి రాలేదు. కాబట్టి మాలో ఎవరింట్లోనైనా తత్వాలవి, పండరి భజనలవి, ఊరి చప్పుళ్ళవి క్యాసెట్లుంటే పారేయకుండా కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఇది సలహా కాదు, సభ్యత్వానికి షరతు.

చేరాలనుకునేవాళ్ళు రుసుము కట్టనక్కరలేదు. ఏడు ఆల్బంల జాబితా, ఒక్కోదానికి కారణం, ఎక్కడ విన్నారో ఆ చోటు, సంతకం తెస్తే చాలు. జాబితా మార్చుకోవచ్చు, ఏడాదికొకసారి, ఉగాదికి. పాత జాబితా చింపేయకూడదు, కొత్తదానికి పిన్ను కొట్టి ఉంచాలి. ఎవరింట్లో కూర్చుంటే టీ వాళ్ళది. 'డ్రీమ్'కు నాలుగో స్థానం ఇచ్చినదాని మీద పులివెందుల వాళ్ళ అభ్యంతరాన్ని రికార్డులో రాసుకున్నాం. వాళ్ళ జాబితాలు ఇంకా అందలేదు.