బాటరీకి పోసిన నీళ్లు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బాటరీల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా ఆవిడ ఇదివరకే అడిగింది. కాని మే నెలలో ఒక రాత్రి జరిగిన సంగతి తరువాత, ఛందస్సును కాస్త పక్కన పెట్టి, మా మెట్ల కింద కూర్చున్న నల్లపెట్టె గురించి నాలుగు ముక్కలు తెలుసుకోక తప్పింది కాదు. తెలుసుకున్న లెక్చరరు ఊరుకుంటాడా! మీరు దొరికారు.

మా అమ్మకు ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడు మందును సన్నని మంచులా చేసి ముక్కుకు అందించే నెబులైజరు పెట్టాలి. అది కరెంటుతో నడిచే యంత్రం. ఆ రాత్రి నల్లగొండలో గాలివాన లేచింది. ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడింది కాబోలు, వీధి వీధంతా చీకటి. నాకేమీ దిగులు కలగలేదు. ఇన్వర్టరు ఉంది, దాని మీద పచ్చలైటు రోజూ వెలుగుతూనే ఉంది. అమ్మకు గొట్టం పెట్టాం. అయిదు నిమిషాలు కాలేదు, పెట్టె కుయ్యిమని అరిచి ఆగిపోయింది. ఆ చీకట్లో అమ్మ ఊపిరి చప్పుడొక్కటే వినబడుతోంది.

పక్కింటివారు మంచివారు. వాళ్ల ఇన్వర్టరు నుంచి పొడుగాటి తీగ ఒకటి గోడ మీదుగా అందించారు. అమ్మ తెప్పరిల్లింది. నేనే తెల్లవార్లూ కూర్చున్నాను.

పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. బాటరీ మూతలు విప్పి, హైడ్రోమీటరు అనే గాజుగొట్టంతో గదిగదికీ ద్రావకం పీల్చి చూశాడు. నిండుగా ఉన్న బాటరీలో అది 1240 దరిదాపుల్లో తేలాలట. మాదాంట్లో 1100, 1120.

"ఏం నీళ్లు పోసిండ్రు సారూ?" అన్నాడు.

"బోరు నీళ్లే."

అతను నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. "మన నల్లగొండ బోరు నీళ్లు మనుషులే తాగొద్దని ఇన్నేండ్ల సంది మొత్తుకుంటుంటే, బాటరీకి పోస్తిరా!"

న్యాయానికి, ఇందులో ఫ్లోరైడు ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టకూడదు. ఇనుము, క్లోరైడు మొదలైన లవణాలు ఏ ఊరి నేలనీళ్లలో ఉన్నా సీసపు పలకలకు చేటే. ఫిల్టరు నీళ్లయినా పూర్తిగా నమ్మడానికి లేదు. బట్టీ పట్టిన డిస్టిల్డు వాటరే పోయాలి. బాటరీలోంచి ఎగిరిపోయేది నీరే కాని ఆమ్లం కాదు, కాబట్టి ఆమ్లం పోయనే కూడదు. నీళ్లయినా చార్జి పూర్తయిన తరువాత గుర్తు వరకు పోయాలి. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేవరకు ముందే పోయాలి.

నా రెండో నేరం అంతకన్న పెద్దది. ఇన్వర్టరు వెనుక చిన్న మీట ఒకటి ఉంది, ఏ రకం బాటరీయో చెప్పడానికి. మాది నీళ్లు పోసే ట్యూబులరు రకం. మీట మాత్రం సీలు వేసిన రకం వైపు ఉంది. ఎవరు తిప్పారో మా ఇంట్లో ఒప్పుకున్నవారు లేరు.

దానివల్ల ఏమవుతుందీ అంటే - గోడలోంచి వచ్చే కరెంటు అటూ ఇటూ ఊగే రకం. బాటరీలో నిలవ ఉండేది ఒకే దిక్కుగా పారే రకం. కరెంటు ఉన్నప్పుడు ఆ పెట్టె మొదటిదాన్ని రెండోదిగా మార్చి బాటరీకి తినిపిస్తుంది. పోయినప్పుడు రెండోదాన్ని మొదటిదిగా మార్చి మనకిస్తుంది. ఆ తినిపించడంలోనే ఉంది కిటుకంతా. కుండలో నీళ్లు పోసినట్లు కాదది, పెళ్లి వడ్డన. మొదట జోరుగా వడ్డించాలి. కడుపు ముప్పాతిక నిండాక, 14.4 వోల్టుల ఒత్తిడి తగ్గించకుండా, కొసరి కొసరి వడ్డించాలి. చివరికి 13.6 దగ్గర తాంబూలం ఇచ్చి కూర్చోబెట్టాలి. మీట తప్పుగా ఉంటే రెండో వడ్డన సరిగా సాగదు. రోజూ అర్ధాకలితో లేచిన బాటరీలో పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుని గడ్డకడుతుంది. అది ముదిరితే మళ్లీ కరగదు. పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. దానికి కరెంటు వస్తోందని తెలుసు గాని కడుపు నిండిందో లేదో ఏం తెలుసు!

ఈ కథ టెక్సాసులో ఉన్న మా తమ్ముడికి ఫోనులో చెబితే పకపకా నవ్వాడు. వాడొక పాత ఇల్లుబండి కొన్నాడు. మంచం, పొయ్యి, కుళాయి అన్నీ అందులోనే. క్యాంపర్ అంటారట. విడిదిలో తీగ తగిలిస్తే కన్వర్టరు అనే పెట్టె బండిలోని దీపాలకూ బాటరీకీ కరెంటు మార్చి ఇస్తుంది. పాతకాలపు కన్వర్టర్లు ఎప్పుడూ ఒకే 13.6 దగ్గర నిలుస్తాయి. రెండు రాత్రులుండి బయలుదేరేవాడికి ఆ బాటరీ నిండదు. "రెండు బాటరీలు పారేశాక తెలిసింది అన్నా, మార్చవలసింది కన్వర్టరని" అన్నాడు. సముద్రాలు దాటినా మా ఇంటి తెలివి ఒక్క తీరుగానే ఉంది.

నిజానికి మా ఇద్దరికీ చిన్నప్పుడే బుద్ధి రావలసింది. 1987లో దూరదర్శన్ లో రామాయణం వచ్చే రోజుల్లో, మా తాతగారి ఊళ్లో ఆదివారం పొద్దున కరెంటు పోతే ట్రాక్టరు బాటరీ విప్పుకొచ్చి చిన్న నలుపు తెలుపు టీవీకి తగిలించేవారు. బొమ్మ చుట్టూ నుంచి కుంచించుకుపోతూ రాముడు అరచేతి మందాన మిగిలే దాకా చూసేవాళ్లం. సోమవారం ట్రాక్టరు కదలక పదిమంది తోసేవారు. బాటరీని అట్లా అడుగంటా పిండకూడదని ఎవరికీ తెలియదు.

2014కు ముందు గంటల తరబడి కోతలుండేవి కనుక బాటరీ మీద అందరికీ ధ్యాస ఉండేది. కోతలు తగ్గాక ఆ పెట్టె ఇంట్లో ఉన్నదన్న సంగతే మరిచాం. దసరాకు ఆయుధపూజ నాడు తప్ప. అప్పుడు మా అమ్మ దానికి బొట్టు పెట్టి కర్పూరం వెలిగించేది. మెకానిక్ అది విని చెవులు మూసుకున్నాడు. చార్జి అయ్యేటప్పుడు బాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఈ ఏటినుంచి బొట్టు మాత్రమే.

పాలమూరులో మా మామగారి ధోరణి వేరు. వాళ్ల ఊరి దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వారి లిథియం బాటరీల కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అని ప్రకటించారు. "ఇంక నీళ్లు పోసుడే ఉండదు అల్లుడా, ఆగు" అంటారు ఆయన. నిజమే, లిథియానికి నీళ్లక్కర్లేదు. కాని సీసపు బాటరీకి వడ్డించే పెట్టెతో దానికి వడ్డించకూడదు, దాని పథ్యం దానిది. మా జిల్లా వాడిగా నేనూ ఊరుకోలేదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో ఎనిమిది యంత్రాలుంటే ఏడు తిరగబడి కూడా నడవగలవు. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను మళ్లీ పైకి తోస్తాయి. అంతకన్న పెద్ద బాటరీ ఎవరింట్లో ఉంది? నీళ్లు పోసే బాటరీయే అదీనూ!

మా పాతదాన్ని రెండు రోజులు నిదానంగా చార్జి చేసి చూశారు. లేవలేదు. దుకాణదారు సీసం కింద తీసుకుని కొత్తది ఇచ్చాడు. మీట నేనే చూసి పెట్టించాను. ఇప్పుడు రెండు నెలలకోసారి డిస్టిల్డు వాటరు డబ్బా కొని తెస్తున్నాను.

మొన్న అది పోస్తుంటే అమ్మ వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. కృష్ణా నీళ్లు ఆ ఊళ్లకు రాకముందు బావి నీళ్లే తాగి పెరిగిన మనిషి. మా పెద్దమ్మ నడుము వంగిపోయి, ఎదుటివారి మొహం చూడాలంటే పక్కకు తిరిగి చూసేది. డబ్బా మీది అక్షరాలు నాచేత చదివించుకుని, అమ్మ అంది:

"మాకప్పుడు గిట్ల ఎవరు కొనిపోసిండ్రు బిడ్డా?"

డబ్బా మూత బిగించి మెట్ల కింద పెట్టాను.