ఫ్యాటీ లివర్‌కు స్టెమ్ సెల్ ఇంజెక్షన్: బంగారం కుదువ పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో కడుపునొప్పి అని స్కానింగ్ తీయించుకుంటే, రిపోర్టు చివర్లో 'ఫ్యాటీ లివర్, గ్రేడ్-2' అని కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ కాగితం చూసి ఇంట్లో ముందు వచ్చే మాట ఒక్కటే. "మా అబ్బా జీవితంలో చుక్క ముట్టలేదు. లివర్ ఎందుకు పాడైంది?" నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని రిపోర్టు బీరువాలోకి వెళ్తుంది. కొన్నాళ్లకు ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పంపిస్తారు. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే లివర్ మళ్లీ కొత్తది అవుతుందట. ఖర్చు మాత్రం లక్షల్లో. అమ్మీ గాజులు కుదువ పెడదామా అన్న దాకా మాట వెళ్తుంది.

అంత దూరం వెళ్లకముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

తాగని ఇంట్లో లివర్ జబ్బు

మద్యం ఒక కారణం, నిజమే. కానీ మన దగ్గర ఎక్కువగా కనిపించే ఫ్యాటీ లివర్‌కు కారణాలు వేరు: పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్, బీపీ, రక్తంలో కొవ్వులు. డాక్టర్లు కూడా 2023లో ఈ జబ్బు పేరు మార్చారు. 'ఆల్కహాల్ లేని ఫ్యాటీ లివర్' అనే పాత పేరు తీసేసి, జీవక్రియ లోపంతో వచ్చేదని తెలిసేలా 'ఎంఏఎస్ఎల్‌డీ' అని పిలుస్తున్నారు. దేశంలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి విశ్లేషణలో పెద్దవాళ్లలో సుమారు 38 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన అధ్యయనం 2025లో వచ్చింది. అందులో 84 శాతం మంది లివర్‌లో కొవ్వు కనిపించింది. కాబట్టి రిపోర్టు దాచిపెట్టుకోవాల్సిన సిగ్గు ఇందులో ఏమీ లేదు.

ఇంకో సంగతి. స్కానింగ్‌లో రాసే గ్రేడ్ కొవ్వు ఎంత ఉందో చెబుతుంది. అసలు భయపడాల్సింది లివర్ గట్టిపడటం గురించి. కొవ్వు చేరడం, తర్వాత వాపు, తర్వాత మచ్చలు పడి గట్టిపడటం, చివరికి సిర్రోసిస్... ఇదీ వరుస. చాలామంది మొదటి మెట్టు మీదే ఉండిపోతారు. కొందరే చివరిదాకా వెళ్తారు. మనం ఏ మెట్టు మీద ఉన్నామో తెలియకుండా లక్షల వైద్యం గురించి మాట్లాడటం అర్థం లేని పని.

స్టెమ్ సెల్స్‌లో నిజం ఎంత?

ఇది పూర్తిగా బూటకమని కొట్టిపారేయడానికి లేదు. ఈ పరిశోధనలో హైదరాబాద్‌కు సొంత చరిత్రే ఉంది. డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం లివర్ కణాలు ఎక్కించే ప్రయోగాల ఫలితాలను 1994లోనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించింది. 2010లో దక్కన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లోని లివర్ పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ అలీం ఖాన్ బృందం, సిర్రోసిస్ ముదిరిన 25 మందికి మూలకణాలు ఎక్కించి ఆరు నెలల పాటు గమనించిన వివరాలు బయటపెట్టింది. రోగుల్లో కొంత మెరుగుదల కనిపించింది. అది ఒక ఆశ. 25 మంది, ఆరు నెలలు అన్నది మాత్రం ఒక మొదలే. దాని మీద వీధివీధినా వైద్యం అమ్మడానికి వీల్లేదు.

తర్వాత ఏమైంది? దక్షిణ కొరియాలో మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చిన 72 మంది మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. సొంత ఎముక మజ్జ కణాలు తీసుకున్నవాళ్లలో లివర్ మచ్చలు కొంత తగ్గాయి. 2018లో బ్రిటన్‌లో 81 మంది సిర్రోసిస్ రోగుల మీద జరిగిన ట్రయల్‌లో మాత్రం, రక్తంలోని మూలకణాలు ఎక్కించినా మామూలు వైద్యం కంటే మేలు కనబడలేదు. అంటే ఒక చోట ఆశ, ఒక చోట నిరాశ. పైగా ఇవన్నీ సిర్రోసిస్ దాకా వెళ్లినవాళ్ల మీద జరిగినవి. గ్రేడ్-1, గ్రేడ్-2 ఫ్యాటీ లివర్ విషయంలో స్టెమ్ సెల్ సాక్ష్యం ఎక్కువగా ఎలుకల దగ్గరే ఆగి ఉంది.

దానికి కారణం కూడా ఆలోచిస్తే తెలుస్తుంది. సెలైన్‌లా ఎక్కించిన కణాల్లో చాలావరకు ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. మిగిలినవి కూడా ఎక్కువ కాలం ఉండవు. అవి కొత్త లివర్‌గా మారిపోవు. వాపు తగ్గించే సంకేతాలు పంపడమే వాటి ప్రధానమైన పని. మరి లివర్‌లో కొవ్వు నింపుతున్న షుగర్, పొట్ట అలాగే ఉంటే? నల్లా కట్టకుండా ఇంట్లో నీళ్లు తోడినట్టే.

చట్టం ఏమంటోంది

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు సూటిగా ఉన్నాయి. కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడిని మినహాయిస్తే, మిగతా జబ్బులకు స్టెమ్ సెల్స్ వాడకం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్ అంటే పరిశోధన. దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పిల్లల ఆటిజంకు స్టెమ్ సెల్ వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పిదం అవుతుందని జాతీయ వైద్య కమిషన్ నైతిక బోర్డు కమిటీ 2022 డిసెంబర్‌లోనే చెప్పింది.

అందుకే ఎవరైనా లివర్‌కు స్టెమ్ సెల్స్ అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ట్రయలా, వైద్యమా? ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? ఆ నంబర్‌తో ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతికి చూసుకోవచ్చు. ట్రయల్ అయితే మా దగ్గర డబ్బెందుకు అడుగుతున్నారు? సూటిగా జవాబు రాకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మన చేతిలో ఉన్నది

మంచి విషయం ఏమిటంటే, మొదటి మెట్ల మీద ఉన్నవాళ్లకు పని చేసే వైద్యం ఖరీదైనది కాదు. బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 10 శాతం, అంతకు మించి తగ్గినవాళ్లలో మచ్చలు కూడా వెనక్కి తగ్గిన దాఖలాలున్నాయి. 80 కిలోల మనిషికి ఆ 10 శాతం 8 కిలోలు. నెలలు పడుతుంది, అయినా అయ్యే పనే.

ముందు ఏ మెట్టు మీద ఉన్నామో తెలుసుకోవాలి. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు... ఈ నాలుగు అంకెలతో 'ఫిబ్-4' అనే లెక్క ఉంటుంది. డాక్టర్ నిమిషంలో కట్టి చెబుతారు. 1.3 కంటే తక్కువ వస్తే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 65 ఏళ్లు దాటినవాళ్లకు ఆ గీత 2. ఎక్కువ వస్తే ఫైబ్రోస్కాన్, లివర్ స్పెషలిస్ట్ అవసరం. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలో ఫ్యాటీ లివర్‌ను కేంద్రం 2021లోనే చేర్చింది. కాబట్టి ఈ మాట అడగడానికి నేరుగా హైదరాబాద్ రైలెక్కక్కర్లేదు.

వాపు, మచ్చలు మొదలైనవాళ్ల కోసం నిజమైన మందులు కూడా వస్తున్నాయి. అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కు, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌కు అనుమతి వచ్చింది. అవి కూడా డాక్టర్ చెబితేనే వాడాలి. సిర్రోసిస్ ముదిరి లివర్ మార్పిడి దాకా వెళ్తే, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలుగా ఉంది.

ఇక ఇంటి సంగతి. రోజుకు ఐదారు సార్లు చక్కెర చాయ్, దావత్‌లో రెండోసారి బిర్యానీ, ఇఫ్తార్‌లో వేపుళ్లు, తీపి షర్బత్... వీటిని అబ్బా ఒక్కరికే మానిపిస్తే కుదరదు. ఇంటిల్లిపాదీ తగ్గించాలి. భూపాలపల్లి గనుల్లో షిఫ్టులు చేసేవాళ్లకు వేళకు తిండి, నిద్ర కష్టమే. వాళ్ల టిఫిన్ డబ్బాలో ఏం పెడుతున్నామన్నదైనా మన చేతిలో ఉంది. షుగర్ మందులు వాడేవాళ్లు, సిర్రోసిస్ ఉన్నవాళ్లు రోజాలకు ముందు డాక్టర్‌ను అడగాలి.

రేపు స్టెమ్ సెల్స్ నిజంగానే పని చేయొచ్చు. ఆ రోజు వస్తే అది పెద్దాసుపత్రుల్లో, అనుమతితో, అందరికీ తెలిసేలా వస్తుంది. అప్పటిదాకా అమ్మీ గాజులు అమ్మీ చేతికే ఉండనివ్వండి. బీరువాలో దాచిన ఆ రిపోర్టు మాత్రం తీసి, ఈ వారమే డాక్టర్‌కు చూపించండి.