వనము లేని వనభోజనము

కార్తీకము సమీపించుచున్నది. చందాల పుస్తకము అప్పుడే ఇంటింటికి తిరుగనారంభించినది. ఈ సమయమున మన తెలుగు కుటుంబములకు ఒక మాట విన్నవింపదలచితిమి.

గత సంవత్సరము మనము చేసినదేమి? బస్సులలో పోయి ఒక తోటలో దిగితిమి. లౌడుస్పీకరు పెట్టితిమి. పులిహోర, బూరెలు తింటిమి. కాగితపు పళ్ళెములను అచ్చటనే వదలి వచ్చితిమి. ఉసిరిచెట్టు ఏదని ఒక పెద్దామె అడిగినపుడు చూపగల పిల్లవాడు ఒక్కడును లేకపోయెను. వనము పోయి భోజనము మిగిలినది. ఏర్పాట్లు చేసినవారిలో మేమును ఉంటిమి గనుక ఈ తప్పులో మాకును భాగము కలదు.

సిరుగుప్ప చుట్టును నల్లరేగడి, వరిమళ్ళు, బియ్యపుమిల్లులు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా మనము ఈవల నిలిచితిమి. తుంగభద్ర కాలువలు పారిన పిదప కోస్తా జిల్లాలనుండి వచ్చినవారు క్యాంపులు వేసికొని మనతో కలిసిరి. ఇన్నేండ్లుగా ఇండ్లలో తెలుగును నిలుపుకొంటిమి. కాని ఇంటి మాటలు మాత్రమే ఇంటిలో నిలుచును. చెట్టు పేరు చెట్టు క్రింద నిలిచి చెప్పినగాని పిల్లలకు పట్టుబడదు.

కావున ఈసారి పెద్దలు, పిల్లలు కలిసి నడువవలెనని మా సూచన. కార్తీకమున కదిరి ప్రాంతమందలి తిమ్మమ్మ మఱ్ఱిమానును చూడవచ్చును. 1434లో సహగమనము చేసిన తిమ్మమ్మ చితిగుంజ చిగిర్చి ఈ మానైనదని అచ్చటివారి నమ్మకము. ఊడలు వేయికి పైబడినవి. నీడ సుమారు ఐదెకరములు. దీనిని గిన్నిస్ గ్రంథమున చేర్పించుటకు పాటుపడినవాడు కర్ణాటకకు చెందిన పత్రికా ఛాయాగ్రాహకుడు రిగ్రెట్ అయ్యర్. తెలుగునేల చెట్టును ప్రపంచమునకు చూపినవాడు పొరుగువాడు. ఈ సంగతి మన పిల్లలు తప్పక తెలిసికొనవలెను.

సంక్రాంతి దాటిన పిదప కాకినాడ దాపుననున్న కోరంగి మడ అడవికి పోవలెను. కార్తీకమున తీరమునకు తుపాను భయము కలదు. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగి రేవునే నాశనము చేసినది. ఒకనాడు ఆ రేవునుండి మనవారెందరో బర్మాకు ఓడలెక్కిరి. అందుచేతనే బర్మాలో తెలుగువారికి కొరంగీలని పేరు వచ్చినది. అన్యభాషాప్రాంతమున బ్రదుకుచున్న మనకు ఆ రేవు పరాయిది కాదు.

1978లో అభయారణ్యమైన ఆ అడవిలో కొయ్యబాటపై నడువవచ్చును. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల అచ్చట పెరుగును. తిల్లపాలు కంటబడరాదు. మడచెట్ల ఊపిరివేళ్ళు బురదలోనుండి మేకులవలె పైకి లేచును. ఆటుపోటుల నడుమ చెట్టు వాటితోనే గాలి పీల్చును. ఉప్పునీట నిలిచి అలల ఉరవడిని తగ్గించి వెనుకనున్న ఊళ్ళను కాచునవి ఈ చెట్లే. గోదావరినుండి వచ్చిన కుటుంబములలోని తాతలు, అమ్మమ్మలు ముందు నడచి ఈ పేర్లు చెప్పవలెను. వారు లేని యాత్ర నిరర్థకము.

దూరమనియు, ఖర్చనియు కొందరు పెద్దలు శంకింపవచ్చును. వ్యాపారులమగు మాకు లెక్క తెలియకపోలేదు. షామియానా, లౌడుస్పీకరు మానినచో కొంత మిగులును. లోటును కలిగినవారు పూరింపవలెను. డబ్బు లేదని ఏ బిడ్డయు ఆగిపోరాదు. ఆడపిల్లలను పంపుటకు సంకోచింపరాదు. రాదలచిన కన్నడ మిత్రులను ఆహ్వానింతము. వారు చెట్టుకు కన్నడ పేరు చెప్పగా మన పిల్లలు అదియు నేర్చుకొందురు.

నియమములు మూడే: పాటల పెట్టె వలదు; కొమ్మ విరువరాదు; తెచ్చిన చెత్తను తిరిగి తేవలెను. మరలివచ్చిన పిమ్మట ప్రతి బిడ్డయు తాను చూచిన పది చెట్ల పేర్లను తెలుగులో వ్రాసి ఈ పత్రికకు పంపవలెను. ఆ పుటకొరకు మేము ఇప్పటినుండియే చోటు ఉంచుచున్నాము.