ఓపిక వేరు, అప్పు మీద పంతం వేరు



పోయిన నెల ఆరాధన అయ్యాక మన యవ్వన సహోదరుడొకరు వచ్చి, "అయ్యగారూ, నిఫ్టీ పైకి రావాలని ప్రార్థన చేయండి" అన్నాడు. భార్య నగలు తాకట్టు పెట్టి నిఫ్టీ ఫ్యూచర్స్ కొన్నాడట. దేశంలోని 50 పెద్ద కంపెనీల సూచీ కదా, పట్టుకుని కూర్చుంటే పెరగక మానదని ఎవరో చెప్పారట. నేను తెలియక, "ఓపిక పట్టు నాయనా" అన్నాను. పది రోజుల్లో ఆ డబ్బు పోయింది. నా మాట కూడా అతనికి ఆటంకమైంది. అందుకే, అతని అనుమతితో రాస్తున్నాను.

ఇండెక్స్ ఫండ్ కొన్నవాడు సొంత పొలం ఉన్న రైతు లాంటివాడు. ఈ ఏడు పంట పోయినా పొలం పోదు, వచ్చే ఏడు దాకా ఆగగలడు. ఫ్యూచర్స్ కొన్నవాడు కౌలు రైతు. పొలం అతనిది కాదు, గడువు మాత్రం అతని మెడ మీద ఉంటుంది.

లెక్క చూడండి. నిఫ్టీ 24,000 దగ్గర ఉంది, లాటు 75 అనుకుందాం. ఒక్క లాటు విలువ 18 లక్షలు. చేతి నుంచి కట్టే మార్జిన్ రెండు లక్షల పైచిలుకు. లాభనష్టాలు మాత్రం మొత్తం 18 లక్షల మీద. సూచీ 10 శాతం పడితే 1,80,000 పోయినట్టే. ఏ రోజు నష్టం ఆ రోజే లెక్కగట్టి తీసుకుంటారు. తగ్గిన మార్జిన్ మళ్ళీ కట్టలేకపోతే బ్రోకరే అమ్మేస్తాడు. పైగా నెలాఖరుకు గడువు తీరిపోతుంది. కొనసాగాలంటే తర్వాతి నెలది కొనాలి. అది మామూలుగా ఎక్కువ ధరకే ఉంటుంది. డివిడెండ్ కూడా చేతికి రాదు.

2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజున నిఫ్టీ 1,379 పాయింట్లు పడింది. జూన్ 7 కల్లా పోయినదంతా తిరిగి వచ్చింది. సొంతంగా షేర్లు ఉన్నవాడు నిద్రపోయి లేచినా నష్టపోలేదు. ఫ్యూచర్స్ పట్టుకుని మళ్ళీ మార్జిన్ కట్టలేనివాడు మాత్రం ఆ మూడు రోజులు ఆగలేడు. మార్కెట్ తిరిగి వస్తుందన్న అతని నమ్మకం నిజమే, కానీ వచ్చేసరికి అతను అక్కడ ఉండడు.

సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క ఇది: ఫ్యూచర్స్, ఆప్షన్స్ కలిపి మూడేళ్ళలో వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం నష్టపోయారు. వీరంతా ఓపిక లేనివారా?

తలాంతుల ఉపమానం చూపించి దీన్ని సమర్థించే వారున్నారు. వారిని సూటిగా అడుగుతున్నాను. ఆ దాసులు వ్యాపారం చేసింది యజమానుడు అప్పగించిన సొమ్ముతోనే కదా? దానికి ఎనిమిది రెట్ల భారం నెత్తికెత్తుకుని కాదే! గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14లో ప్రభువు నేర్పించాడు. లెక్క చూడకపోవడాన్ని విశ్వాసం అని పిలవకండి.

ఫ్యూచర్సే పాపమని నేను అనడం లేదు. షేర్లు ఉన్నవారు ధర పడిపోతుందన్న భయానికి వాటిని అడ్డుగా వాడుకుంటారు. 18 లక్షలూ పక్కన పెట్టుకున్నవాడి సంగతి కూడా వేరు. కానీ నగలు తాకట్టు పెట్టినవాడికి "పట్టుకుని కూర్చో" అని చెప్పేవాడు అతని మేలు కోరేవాడు కాడు.

ఇకమీదట నిఫ్టీ పెరగాలని నేను ప్రార్థన చేయను. దానివల్ల నష్టపోయి సిగ్గుతో గుడికి రావడం మానేసినవారి కోసం చేస్తాను. మీలో ఎవరైనా ఇందులో ఉంటే, ఈ రాత్రే భార్యకో భర్తకో నిజం చెప్పండి. ఇంకో అప్పు తెచ్చి మార్జిన్ కట్టకండి. నా దగ్గరికి రండి. ఈసారి "ఓపిక పట్టు" అనను, కాగితం తీసుకుని మీతో కూర్చుని లెక్క వేస్తాను.

ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.